సున్నా వచ్చినా పాజిటివే

ఉద్దానంలో ఇంకా కొలవనిదేదైనా మిగిలి ఉంటే దయచేసి చెప్పండి, వచ్చే ఆదివారానికల్లా శిబిరం పెట్టించేద్దాం. నీళ్లు కొలిచారు. మట్టి కొలిచారు. తిన్న తిండి కొలిచారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో చెయ్యి చాచి రక్తం ఇవ్వని ఇల్లు వెతికినా దొరకదేమో. ఐసీఎంఆర్ వాళ్లు వచ్చారు. 2017లో హార్వర్డ్ నుంచి కిడ్నీ డాక్టరు బాన్‌వెంట్రే గారు విశాఖ దాకా వచ్చారు. ఆయన్ను రప్పించిన నాయకుడికి చప్పట్లు పడ్డాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా కిడ్నీలు ఎందుకు పోతున్నాయో 'ఇదిగో, ఇదీ కారణం' అని వేలు పెట్టి చూపినవాడు లేడు. అందుకు శాస్త్రవేత్తల్ని తిట్టను. శ్రీలంకలోనూ, ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లోనూ ఎండలో పొలం పని చేసుకునేవాళ్ల కిడ్నీలు ఇలాగే పోతున్నాయి, అక్కడివాళ్లూ ఇంకా తల గోక్కుంటూనే ఉన్నారు. తెలియని జబ్బును తెలియదు అనడం నిజాయితీ.

నా పోట్లాట తెలిసిన జబ్బు గురించి.

దానికి ముందు ఇక్కడ అంకెలకున్న హోదా గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఉద్దానంలో క్రియాటినిన్ ఉత్త వైద్య పరీక్ష కాదు, అర్హతా పత్రం. డయాలసిస్ మీద ఉన్నవాడికి నెలకు 10,000 రూపాయల పింఛను. ఇంకా డయాలసిస్‌కు రానివాడికి క్రియాటినిన్ 5 దాటాలి. దాటితే కిడ్నీ రోగి, దాటకపోతే ఉత్త రోగి. 4.8 వచ్చినవాడు ల్యాబు మెట్లు దిగుతూ ఉసూరుమంటే, 5.3 వచ్చినవాడు తేలిక మనసుతో ఫారం నింపుకుంటాడు. జబ్బు ముదిరిందని మనిషి స్తిమితపడే చోటు భూమ్మీద ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, మన ప్రభుత్వాలు మాత్రం పార్టీల తేడా లేకుండా ఆ చోటును జాగ్రత్తగా కట్టి నిలబెట్టాయి. ఒక గీత గీసి దానికిరువైపులా మనుషుల్ని నిలబెట్టడం మన పరిపాలనకు వచ్చినంత బాగా ఇంకేదీ రాదు.

ఈ అంకెల తిరునాళ్లలోకి ఇంకో అంకె వచ్చి చేరింది. దాని పేరు వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క.

ఎలా చేరిందో చూడాలంటే డయాలసిస్ గదిలోకి రావాలి. వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. చేతి మీద ఉబ్బిన ఫిస్టులా. వేలు ఆనిస్తే లోపల రక్తం గిర్రున తిరగడం తెలుస్తుంది. దానిలోకి రెండు లావుపాటి సూదులు: ఒకటి రక్తం తీసుకెళ్లడానికి, ఇంకోటి తిరిగి తేవడానికి. మిషను నిమిషానికి అరలీటరు చొప్పున ద్రవం నడిపిస్తుంది, అంటే ఒక మనిషి ఒకసారి పడుకుని లేచేసరికి 120 లీటర్ల వడగట్టిన నీళ్లు ఖర్చు. ఆ మనిషి రోజంతా తాగడానికి మాత్రం డాక్టరు రాసిచ్చింది లీటరుకు అటూ ఇటూ. మంచినీళ్ల కోసం తరాలుగా మొత్తుకున్న ఊళ్లకు హిరమండలం నుంచి వంశధార నీళ్లు గొట్టాల్లో తెచ్చారు, 700 కోట్లన్నారు, సంతోషం. చివరికి నీళ్లు తాగకూడనివాడి పక్కన కూర్చుని, తాగొచ్చిన నీళ్ల గురించి ఉపన్యాసం వినాల్సి రావడం ఉద్దానం రాత.

ఆ గదిలో రక్తం బయటికొచ్చి లోపలికెళ్తుంది. ఒకరికి సూది తీసిన తొడుగులతోనే పక్క మంచం బిగింపు సరిచేస్తే చాలు. ఒకే హెపారిన్ సీసాలో పలుమార్లు సూది ముంచితే చాలు. మందుల బల్ల మంచం నుంచి మంచానికి తోసుకెళ్తే చాలు. హెపటైటిస్ సి వైరస్ కంటికి కనపడని ఎండిన నెత్తుటి చుక్కలో కూడా రోజుల తరబడి బతకగలదు. అన్నం కలిపి తింటే అంటదు, పక్కన కూర్చుంటే అంటదు, గ్లాసు మార్చుకుంటే అంటదు. రక్తానికి రక్తం తగలాలి. డయాలసిస్ గదికి మించి అలాంటి చోటేముంది? ప్రపంచంలో ఏ డయాలసిస్ కేంద్రమైనా ఈ భయంతోనే నడుస్తుంది, నడవాలి. టీకా ఉందా అంటే లేదు. పక్కవాడు హెపటైటిస్ బి, దానికి టీకా ఉంది. ఈ రెండిటినీ ఒకటే అనుకునేవాళ్లు తెల్లకోట్లలో కూడా కనపడతారు.

మరి తెలిసిన జబ్బు అన్నానే, ఎంత తెలుసో వినండి. వైరస్‌ను 1989లో పట్టుకున్నారు. పట్టుకున్న పనికి ఆల్టర్, హౌటన్, రైస్ అనే ముగ్గురికి 2020లో నోబెల్ ఇచ్చారు. 2013 డిసెంబరులో సోఫోస్‌బువిర్ మాత్రకు అమెరికాలో అనుమతి వచ్చింది. రోజుకు ఒకటి, 84 రోజులు. మాత్ర వెయ్యి డాలర్లు, మొత్తం 84,000 డాలర్లు. అదే మాత్రను 2015లో మన హైదరాబాదు కంపెనీ నాట్కో మార్కెట్లోకి తెచ్చింది, మిగతావాళ్లూ దిగారు, ధర నేలకు దిగింది. 2018 జులై 28న కేంద్రం జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి పరీక్షలూ మందులూ ఉచితం అంది. కిడ్నీ పాడైనవాళ్లకు ఆ మాత్ర వద్దని మొదట్లో అనేవారు, 2019 చివర్లో అమెరికావాళ్లు ఆ అభ్యంతరమూ తీసేశారు. సోఫోస్‌బువిర్, దానికి తోడు డాక్లటాస్విర్ లేదా వెల్పటాస్విర్, పన్నెండు వారాలు. నూటికి తొంభై అయిదు మందికి పైగా వైరస్ పూర్తిగా పోతుంది. కారణం తెలియని జబ్బు పక్కనే కారణం, మందు, గడువు, ఫలితం అన్నీ తెలిసిన జబ్బు. ఇంత తేలిక లెక్కను చెడగొట్టడానికి గట్టి ప్రతిభ కావాలి. అది మనకుంది.

తేలిక లెక్క ఏమిటంటే, వైరల్ లోడ్ రెండుసార్లు చూడాలి. మందు మొదలెట్టే ముందు ఒకసారి, వైరస్ నిజంగా ఉందా లేదా అని. ఆఖరి మాత్ర మింగాక పన్నెండు వారాలకు ఇంకోసారి, పోయిందా లేదా అని. అప్పుడు వైరస్ జాడ లేకపోతే జబ్బు నయమైనట్టే. మధ్యలో కాలేయం ఎలా ఉంది, మాత్రలు సరిగ్గా మింగుతున్నాడా, రక్తం పడిపోతోందా అని చూడొచ్చు. వైరల్ లోడ్ మాత్రం ఈ కొత్త మందులతో మధ్యలో పెద్దగా ఏమీ చెప్పదు. నాలుగో వారం ఎంతొచ్చినా మాత్ర అదే, గడువు అదే.

మరి ప్రతి నెలా చూడమని చీటీ ఎందుకు రాస్తారు? పాత అలవాటు. ఇంటర్‌ఫెరాన్ రోజుల్లో దానికో అర్థముండేది. వారం వారం సూది, పూటపూటా రిబావిరిన్, ఏడాది పొడవునా జ్వరం, నీరసం, బతుకు మీద విరక్తి. అంతా చేసి సగం మందికే నయం. అప్పట్లో నాలుగో వారం, పన్నెండో వారం వైరల్ లోడ్ చూసి, తగ్గకపోతే ఆ హింస ఆపేసేవారు. హింస పోయింది, చీటీ మిగిలింది. వేల రూపాయల పరీక్షను ఉచితంగా దొరికే మందు పక్కన కూర్చోబెట్టడం ప్రైవేటు ల్యాబుకు గిట్టుబాటయ్యే పని. రాసేవాడికి ఏదో చేస్తున్నట్టుంటుంది, రాయించుకున్నవాడికి ఎవరో చూస్తున్నట్టుంటుంది. ల్యాబువాడికి ఏముంటుందో చెప్పనక్కర్లేదు.

ఇక ఆ కాగితం పట్టుకుని మనవాళ్లు చేసే విశ్లేషణ. ఆసుపత్రి బయట టీ బడ్డీ దగ్గర ఇద్దరు. ఒకాయన, "నాకు రెండు లచ్చలే వొచ్చింది, మా మాయకి ముప్పై లచ్చలంట, పాపం." ఇంకొకాయన, "ముప్పయ్యా! మరింక కాలేయం ఉన్నాదేటి?" హెచ్‌ఐవీలో అంకె పెరిగితే జబ్బు ముదిరిందని అర్థం, నిజమే. హెపటైటిస్ సి లో ఆ లెక్క లేదు. రెండు లక్షలున్నవాడి కాలేయం రాయిలా గట్టిపడి ఉండొచ్చు, ముప్పై లక్షలున్నవాడిది మెత్తగా ఆరోగ్యంగా ఉండొచ్చు. పలాసవాళ్లకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. కాశీబుగ్గ జీడిపప్పు కార్ఖానాలో డబ్ల్యూ 180 అంటే పెద్ద పలుకు, డబ్ల్యూ 320 అంటే చిన్న పలుకు. పౌనుకు ఎన్ని పలుకులు తూగుతాయన్నది ఆ అంకె. అంకె పెద్దదైతే సరుకు పెద్దదని ఆ ఊళ్లో చంటిపిల్లాడు కూడా అనుకోడు. ఆసుపత్రి కాగితం చేతికొచ్చేసరికి మాత్రం ఆ తెలివంతా గోనెసంచిలో పెట్టి కుట్టేస్తారు.

మధ్యలో అక్కర్లేని పరీక్షలకు ఇంత మర్యాద చేసి, అసలు కావలసిన ఆఖరి పరీక్ష దగ్గరికొచ్చేసరికి ఎవరూ ఉండరు. మాత్రలు అయిపోయాయి, ఒళ్లు బాగుంది, కొబ్బరి దింపులకు వేళయింది, పన్నెండు వారాల తర్వాత ఎవడొస్తాడు? రమ్మని పిలిచేది ఎవరు? ఫోన్ చేసేది ఎవరు? శాంపిలంటే వేలు పొడిస్తే అయిపోయేది కాదు. రక్తం తీసి, తిప్పి, ప్లాస్మా వేరు చేసి, చల్లగా పెద్ద ల్యాబుకు పంపాలి. పంపడం కుదరకపోతే మనిషే వెళ్లాలి. పలాస నుంచి విశాఖ 170 కిలోమీటర్లకు పైమాట. వారానికి మూడురోజులు మిషనుకు కట్టేసిన మనిషి మిగిలిన రోజుల్లో ఒకటి రైల్లో పోగొట్టుకోవాలి. క్షయకని తెచ్చిన జీన్ ఎక్స్‌పర్ట్ ఉంది, ట్రూనాట్ ఉంది. కోవిడ్ రోజుల్లో ఈ రాష్ట్రంలో ట్రూనాట్‌ను ఎంత తిప్పారో లోకమంతా చూసింది. చిప్పో, కార్ట్రిడ్జో మారిస్తే అవే యంత్రాలు హెపటైటిస్ సి వైరల్ లోడ్ కూడా అదే రోజు చెప్పేస్తాయి. జబ్బుకో శాఖ, శాఖకో గది, గదికో తాళం ఉన్న దేశంలో యంత్రానికి ఇన్ని జబ్బులు తెలిసి ఉండటమే అధిక ప్రసంగం.

మా బావ ఒకడున్నాడు. పేరొద్దు, ఊరొద్దు, ఆయన వెళ్లే కేంద్రం ఏదో అసలే వద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను కొబ్బరి తోటను కూకటివేళ్లతో పీకేసింది, తర్వాత కిడ్నీలు పోయాయి, ఆ తర్వాత హెపటైటిస్ సి అని రాశారు. బావ నోటికి వచ్చింది అనే మనిషి గానీ మందు దగ్గర మాత్రం బుద్ధిమంతుడు. ఎనభై నాలుగు రోజులు వేళ తప్పకుండా మింగాడు. పన్నెండు వారాలు ఆగాడు. మేనల్లుడిని తోడు తీసుకుని వెళ్లి రక్తం ఇచ్చొచ్చాడు. కాగితం వచ్చింది: టార్గెట్ నాట్ డిటెక్టెడ్. అంటే వైరస్ లేదు. ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, కవరును చొక్కా లోపలి జేబులో పెట్టి డయాలసిస్‌కు వెళ్లాడు.

అక్కడి కుర్రాడు కాగితం చూడలేదు. కిట్టు తీశాడు, చుక్క వేశాడు, రెండు గీతలొచ్చాయి. "పాజిటివ్. మూలనున్న మిషనే తాతా."

"నెత్తుర్లో పురుగు నేదని కాయితం ఉంది గదా బాబూ?"

"కాయితంలో లేదు. కిట్లో ఉంది."

"మరైతే ఎనబై నాలుగు రోజులూ ఆ బిళ్లలెందుకు మింగించేరు? ఆ గీత సెరుగుతాదనే గదా?"

ఆ గీత చెరగదు. కిట్టు చూసేది వైరస్‌ను కాదు, యాంటీబాడీలను. వైరస్ ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని శరీరం రాసుకున్న గుర్తది. మందుతో నయమైనా, దానంతట అదే తగ్గినా ఏళ్ల తరబడి ఉండిపోతుంది. వైరస్ ఇప్పుడుందా లేదా అన్నది చెప్పేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష, అంటే ఆ వైరల్ లోడ్ పరీక్షే. ఓడిపోయిన ఎమ్మెల్యేకు ముందర 'మాజీ' అని రాసి, పింఛనిచ్చి, పెళ్లిళ్లలో ముందు వరసలో కుర్చీ వేస్తారు. వైరస్‌ను ఓడించిన మా బావకు 'మాజీ పాజిటివ్' అన్న బిరుదైనా ఇవ్వరు. ఆయన మూల మిషనుకు శాశ్వత సభ్యుడు.

అసలు మూల మిషను సంగతే చూడండి. హెపటైటిస్ బి ఉన్నవాడికి వేరే మిషను, వేరే గది కావాలి, అందులో వాదన లేదు. హెపటైటిస్ సి కి విడి మిషను పెట్టక్కర్లేదని ప్రపంచ కిడ్నీ వైద్యుల మార్గదర్శకాలు, కేడీఐజీఓ అంటారు వాటిని, స్పష్టంగా చెబుతాయి. చెప్పి ఊరుకోవు. మనిషికీ మనిషికీ మధ్య తొడుగులు మార్చండి, చేతులు కడగండి, సూది మందులు మంచం పక్కన కాక వేరే చోట సిద్ధం చేయండి, సీసా పంచుకోకండి అని వెంటపడతాయి. మనం మొదటి మాట వదిలేసి మిషను వేరు చేస్తాం, రెండో మాట కూడా వదిలేసి తొడుగు మాత్రం అదే ఉంచుతాం. వైరస్ మిషన్లో ఉంటుందనుకుంటే తప్పు మిషనుది. చేతిలో ఉంటుందనుకుంటే తప్పు మనది. ఏది సుఖమో తేల్చుకోవడానికి నోబెల్ అక్కర్లేదు. పైగా విడి మిషను ఫొటోలో పడుతుంది, కడిగిన చెయ్యి పడదు.

మరి వైరల్ లోడ్ మళ్లీ మళ్లీ చూడవలసినవాడు ఎవడైనా ఉన్నాడా? ఉన్నాడు. మా బావే! నయమై, ఇంకా డయాలసిస్ మీద ఉన్నవాడికి వైరస్ మళ్లీ అంటొచ్చు. ఒకసారి వచ్చి పోయింది కదా అని రక్షణేమీ రాదు. కిట్టు ఆయనకు జీవితాంతం రెండు గీతలే చూపిస్తుంది కాబట్టి, కొత్తగా అంటిందో లేదో చెప్పడానికి దానికి నోరు లేదు. అందుకే అలాంటివాళ్లకు ఆర్నెల్లకోసారి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయమంటారు. ఇప్పుడు మన పద్ధతి మొత్తం కళ్లారా చూడండి. మందు వాడుతున్నప్పుడు, అక్కర్లేనప్పుడు, డబ్బు కట్టించుకుని వైరల్ లోడ్ చూస్తారు. మందు ఆగాక, కావలసినప్పుడు, చూడరు. నయమయ్యాక, ఇంకా కావలసినప్పుడు, కిట్టు చూస్తారు. తప్పు చేసేవాడు కూడా అప్పుడప్పుడూ పొరపాటున సరైన పని చేస్తాడు. వరసగా మూడుసార్లూ తిరకాసు పెట్టాలంటే పద్ధతి ఉండాలి, పద్ధతికి ఫైలు ఉండాలి.

మొన్న ఒక పెద్దమనిషితో ఈ మాటే అంటే, "అన్నిటికీ ప్రభుత్వమే కావాలంటే ఎలాగండీ, పలాసలో 200 పడకల ఆసుపత్రి కట్టలేదా?" అన్నారు. కట్టారు. కట్టడం మంచిదే, కిడ్నీ రోగికి పడక విలువ ఏమిటో రైలు బోగీలో నేల మీద పడుకుని విశాఖ పోయినవాళ్లనడగండి. 2019 సెప్టెంబరు 6న శంకుస్థాపన, 2023 డిసెంబరు 14న ప్రారంభోత్సవం. నాలుగేళ్ల మూడు నెలలు. హెపటైటిస్ సి కి మందు పన్నెండు వారాలు, ఆగేది పన్నెండు వారాలు, వెరసి 168 రోజులు. శిలాఫలకానికీ రిబ్బనుకూ మధ్య ఆ లెక్క తొమ్మిదిసార్లు పూర్తయి, పదోది పావువంతు దాటేది. భవనం లేచేదాకా ఆగిన ఓపికలో పదోవంతు చాలు, రోగిని పన్నెండో వారం దాకా గుర్తుపెట్టుకోవడానికి. అయితే శంకుస్థాపనకు రాయి ఉంటుంది, రాయి మీద పేరుంటుంది. పన్నెండో వారం ఫోన్ కాల్ మీద ఎవరి పేరు చెక్కిస్తారు?

పేర్ల దగ్గర మాత్రం మన ఫాలో-అప్‌కు వంక పెట్టలేం. 2007లో రాజీవ్ ఆరోగ్యశ్రీ. 2014 తర్వాత ఎన్టీఆర్ వైద్య సేవ. 2019 తర్వాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీ. 2024 తర్వాత మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ. ఎన్నికైన ప్రతిసారీ, గడువు తప్పకుండా, రాష్ట్రంలో ఒక్క గోడా ఒక్క కార్డూ వదలకుండా పాత పేరు జాడ లేకుండా చేస్తారు. టార్గెట్ నాట్ డిటెక్టెడ్! ఆ శ్రద్ధ ఎవరైనా వైరస్ మీద చూపించి ఉంటే టెక్కలి నుంచి ఇచ్ఛాపురం దాకా మూల మిషన్లకు తుప్పు పట్టేది.

చేసిన దేశం లేదా అంటే ఉంది. ఈజిప్టు. 1950ల నుంచి 80ల దాకా నత్తల నీళ్లతో వచ్చే బిల్‌హార్జియా జబ్బుకు అక్కడి ప్రభుత్వం ఊరూరా ఇంజెక్షన్లు చేయించింది. సిరంజీలు సరిగ్గా ఉడికించలేదు. ఒక జబ్బును తోలబోయి ఇంకోదాన్ని దేశమంతా ఎక్కించారు, ప్రపంచంలోకెల్లా ఎక్కువ హెపటైటిస్ సి ఉన్న దేశాల్లో ముందు వరసలో నిలబడ్డారు. చేసిన పాపాన్ని ఒప్పుకుని, 2018లో దేశం దేశాన్నే పరీక్షకు పిలిచి, కోట్ల మందిని చూసి, పాజిటివ్ వచ్చినవాడికి ఆర్‌ఎన్‌ఏ చేసి, ఉన్నవాడికి మందిచ్చి, 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థతో శభాష్ అనిపించుకున్నారు. మన దగ్గర ఒంటినొప్పులకు సూది పొడవని ఆర్‌ఎంపీని ఊరు డాక్టరుగానే ఒప్పుకోదు. "బిళ్లేటి, సూది ఎయ్యి బాబూ" అనే జనం మనం. సిరంజీ కొత్తదేనా అని అడిగేవాడికి ఒళ్లు పొగరని పేరు. అంటే ఈజిప్టుతో మొదటి సగంలో మనకు పోలిక బాగానే కుదిరింది.

పోనీ, ఖర్చు తక్కువ పని ఒకటి చెబుతా. ప్రతి డయాలసిస్ గదిలో గోడ మీద ఎవరో ఒకరి నవ్వు ఫొటో ఎలాగూ ఉంటుంది, దాన్ని ముట్టుకోవద్దు. దాని కింద మూడు వరసలు రాయించండి. కిట్టు పాజిటివ్ అయితే ఆర్‌ఎన్‌ఏ చేయించాలి. మాత్రలు ఆగిన పన్నెండు వారాలకు మళ్లీ చేయించాలి. నయమైనవాడికి కిట్టు వద్దు, ఆర్నెల్లకోసారి ఆర్‌ఎన్‌ఏ చేయించాలి. రంగు ఖర్చు, బ్రష్షు ఖర్చు, పెయింటరు కూలి. ప్రభుత్వం మారినప్పుడు పైన ఫొటో మార్చుకోవచ్చు, కింద వరసలకు ఏ పార్టీతోనూ తగాదా లేదు.

ఈ సలహా పై వాళ్ల దాకా పోయిందో లేదో గానీ, మొన్న మా బావను ఆర్నెల్ల పరీక్షకు వేళయిందని పిలిచారు. అదే కుర్రాడు, అదే కిట్టు. బావ చెయ్యి చాచలేదు. "రెండు గీతలొస్తాయి, రాసేసుకో నాయినా, నీ కిట్టు మిగుల్తాది" అన్నాడు. కుర్రాడు ఒప్పుకోలేదు. రూలు రూలే అన్నాడు. వేలు పొడిచి, చుక్క వేసి, పావుగంట ఆగి, రెండు గీతలూ వచ్చాయని నిర్ధారించుకున్నాకే రిజిస్టర్లో సంతకం పెట్టాడు.